రబ్బరు సూటూ, ఇద్దరు కలిసిన ఒక్క అధికారీ

తీరప్రాంత జలకవచ అభివృద్ధి సంస్థ డైరెక్టరు చిదానందంగారు విదేశీ సదస్సుకి వెళ్లివచ్చిన ప్రతిసారీ ఆఫీసులో ఒక గోడ లేస్తుంది, లేకపోతే ఒక గోడ పడుతుంది. కిందటిసారి వెళ్లివచ్చినప్పుడు లేచింది. నైపుణ్యాలు కలగాపులగం కాకూడదని అక్కడెవరో పెద్దమనిషి ఉపన్యాసం ఇచ్చాడట. అంతే, భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ పొడవాటి హాలుని ఇటుక గోడతో రెండుగా కోసేశారు. ఒక పక్క డిజైన్ విభాగం, రెండో పక్క ప్యాటర్న్ విభాగం.

సంస్థ చెయ్యాల్సిన పని చిన్నదే. సముద్రంలో పడ్డవాళ్లని ఒడ్డుకి తెచ్చే గజ ఈతగాళ్లకి ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్లు తయారుచెయ్యాలి. బయట అందరూ వెట్‌సూట్ అంటారు. ఆఫీసులో అలా అంటే సిబ్బంది వ్యవహారాల సూపరింటెండెంటు సోమయాజులుగారికి చెవులు నొప్పెడతాయి కాబట్టి జలకవచం అనాలి. ఆ కవచం ఎలా ఉండాలో బొమ్మ గీసేది డిజైన్ విభాగం. ఆ బొమ్మని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క ఎంత కొలతకి కొయ్యాలో అట్టల మీద వేసేది ప్యాటర్న్ విభాగం. గోడ కట్టాక ఒక విభాగంవాళ్లు రెండో విభాగంవాళ్లతో మాట్లాడడం నైపుణ్య కాలుష్యం కిందికి వచ్చేది.

హైమవతి డిజైన్ విభాగంలో పనిచేసేది. విభాగం అంటే ఆమె ఒక్కతే. చెయ్యి మంచిది. గీత గీస్తే అలలు కదిలినట్టుండేది. కాబట్టి అన్నిటికీ అలలే గీసేది. ఛాతీ మీంచి బయల్దేరిన నీలం అల చంకలోంచి దూసుకుపోయి, నడుం చుట్టూ తిరిగి, మోకాలి దగ్గర నురగై విరిగేది. చూసినవాళ్లు ఆహా అనేవారు.

గోడకి అవతల వీరభద్రం మాస్టారు. పోలీసు యూనిఫారాలు కోసి కోసి తల నెరిసిన మనిషి. ఆ నెరిసిన తలని ఆయన ఎప్పుడూ దించింది లేదు. బట్టన్నది మనిషి మీద గౌరవంగా వేలాడాలన్నది ఆయన సిద్ధాంతం. అలల బొమ్మ గోడలో వదిలిన చిన్న కిటికీలోంచి రాగానే, ఎక్కడ వంపు కనిపిస్తే అక్కడ ఇంత లూజు వదిలి, దర్జాగా కోసేవారు.

అలా తయారైన మొదటి సూటుని తొడుక్కున్నవాడు మైలపల్లి దానయ్య. రాళ్ల దగ్గర ఎవరు మునిగినా మొదట దూకేది అతనే. సూటు వేసుకుని అలల్లోకి నడిచాడు. మెడ దగ్గర్నుంచి నీళ్లు లోపలికి వెళ్లాయి. వెళ్లినవి తిరిగి రాలేదు. ఈదుదామని చెయ్యెత్తబోతే చంకలోంచి పోయిన ఆ అందమైన అల వెంట వేసిన కుట్టు చెయ్యిని లేవనివ్వలేదు. లారీ ట్యూబులా ఉబ్బి, వెల్లకిలా తేలిపోతున్న దానయ్యని తోటివాళ్లు తాడేసి లాక్కొచ్చారు.

"ఎలా ఉందోయ్?" అని డైరెక్టరుగారు ఆత్రంగా అడిగారు.

"బాగుందండి, నీల్లు దాసుకోడానికి," అన్నాడు దానయ్య.

ఆ రోజే సమీక్ష జరిగింది. డిజైన్ ఉత్తమంగా ఉందని డిజైన్ విభాగం చెప్పింది. ప్యాటర్న్ ఉత్తమంగా ఉందని ప్యాటర్న్ విభాగం చెప్పింది. రెండూ ఉత్తమమే అయినప్పుడు లోపం సముద్రానిదే అయ్యుండాలని డైరెక్టరుగారు తేల్చారు. నిజానికి హైమవతికి ఆ సాయంత్రం అన్నం సహించలేదు. తాడు చివర వేలాడుతున్న దానయ్య కళ్లలో కదులుతూనే ఉన్నాడు. ఆ గోడ లేకపోతే బాగుండునని ఆమె అనుకుంది.

అనుకున్నంతా అయింది. అనుకోనిది కూడా అయింది.

చిదానందంగారు ఇంకో సదస్సుకి వెళ్లివచ్చారు. ఈసారి అక్కడ డిజైనూ, ప్యాటర్నూ కలిపి చెయ్యాలన్నారట. ఆయన విమానం దిగి నేరుగా ఆఫీసుకొచ్చి అందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా! ఇకపై డిజైన్ అనగా ప్యాటర్న్, ప్యాటర్న్ అనగా డిజైన్. ఈ రెంటి నడుమ భేదభావం పాటించువారు సంస్థ దార్శనికతకు విఘాతం కలిగించువారగుదురు. ఏకీకరణే మన మార్గం, ఏకీకరణే మన గమ్యం!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది హైమవతి. మర్నాడే గోడ పడగొట్టారు. ఇటుకల దుమ్ములోంచి ఆమె, వీరభద్రం మాస్టారు మొదటిసారి ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. అప్పుడే సోమయాజులుగారు మెల్లిగా నడిచొచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డారు. నిబంధన అన్నది దొరికితే దాన్ని చివరిదాకా నడిపించకుండా వదిలే మనిషి కాదాయన.

"విభాగాలు రెండూ ఏకమయ్యాయి కదా. విభాగాలు ఏకమైతే పోస్టులు ఏకమవుతాయి. పోస్టులు ఏకమైతే వాటిలో ఉన్నవాళ్లు ఏకమవుతారు. ఇది నా అభిప్రాయం కాదమ్మా, తర్కం."

"అంటే మాలో ఒకరిని తీసేస్తారా?" అని అడిగింది హైమవతి.

"ఛ ఛ! నిష్కారణంగా ఎవరినీ తీసెయ్యడానికి వీల్లేదు. ఇద్దరూ ఉంటారు. ఒకరుగా ఉంటారు."

ఆ విధంగా హైమవతి, వీరభద్రం అనే ఇద్దరు ఉద్యోగులు పోయి, ఏకీకృత జలకవచాధికారి అనే ఒక్క ఉద్యోగి మిగిలాడు. పోస్టు ఒకటి కనక కుర్చీ ఒకటే ఇచ్చారు. పెద్దవారని మాస్టారిని కూర్చోబెట్టి హైమవతి రబ్బరు చుట్ట మీద కూర్చుంది. గుర్తింపు కార్డు ఒకటే కనక, ఫొటోగ్రాఫరు ఇద్దరి తలలూ దగ్గరికి చేర్చి, ఒక మొహానికి ఉద్దేశించిన చదరంలో రెండు మొహాలు ఇరికించాడు. మాస్టారిది ఎడమ చెవి పోయింది, ఆమెది కుడి చెవి పోయింది. హాజరు యంత్రంలో పొద్దున వేలు మాస్టారిది, సాయంత్రం వేలు హైమవతిది. ఒకరు ముందొస్తే గేటు దగ్గర కాపలా మనిషి ఆపేసేవాడు.

"రెండో సగం వచ్చాక పంపిస్తానమ్మా. కార్డు మీద ఇద్దరున్నారు మరి."

వానలు మొదలయ్యాక హైమవతి జ్వరంతో మధురవాడలో ఇంట్లో పడుకుంది. సోమయాజులుగారు వీరభద్రం మాస్టారిని ఇంటికి పొమ్మన్నారు.

"నాకేం జ్వరం లేదయ్యా," అన్నారు మాస్టారు, కత్తెర కింద పెట్టకుండానే.

"మీకుంది. మధురవాడలో మంచం మీద పడుకునుంది. ఈ స్థితిలో మీరు పనిచెయ్యడం మానవత్వం కాదు."

ఆ తర్వాత బొబ్బిలిలో మాస్టారి మేనల్లుడి పెళ్లి వచ్చింది. ఆయన సెలవు పెట్టి వెళ్లారు. హైమవతి మామూలుగా ఆఫీసుకొచ్చింది. సోమయాజులుగారు ఆమెని చూసి ఆందోళనపడ్డారు.

"మీరిక్కడున్నారేమిటి? బొబ్బిలిలో ఉండాలి కదా!"

"పెళ్లి మాస్టారి మేనల్లుడిదండీ. నాకేం సంబంధం?"

"రికార్డు ప్రకారం మీరిప్పుడు రెండో బంతిలో భోంచేస్తున్నారు. ఇక్కడ కనిపించడం అనుచితం. వెళ్లండి."

ఇంతవరకూ హైమవతి నవ్వుకుంటూ భరించింది. నవ్వు రానిది పని దగ్గర. రెండో సూటు మొదలుపెట్టగానే ఇద్దరికీ పడలేదు. ఆమె అల గీస్తే, ఆ అల అట్ట మీద పడుకోదని మాస్టారు కొట్టేసేవారు. ఆయన లూజు వదిలితే ఆమె చెరిపేసేది. ఒకరోజు ఇద్దరూ గొంతులు పెంచారు. సోమయాజులుగారు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యారు.

"ఇద్దరు అధికారులు వాదించుకుంటే దాన్ని అభిప్రాయభేదం అంటారు. ఒకే అధికారి తనతో తాను వాదించుకుంటే అస్వస్థత అంటారు. ఇంకోసారి వినబడితే మెడికల్ బోర్డుకి రాయక తప్పదు. మీ మంచికే చెబుతున్నాను."

దాంతో కొట్లాడుకోవడానికి ఇద్దరూ ఒడ్డుకి వెళ్లడం మొదలుపెట్టారు. సంస్థ ప్రహరీ దాటి ఇసకలోకి దిగితే మళ్లీ ఇద్దరు మనుషులైపోయేవారు. అక్కడ నోరారా తిట్టుకోవచ్చు.

"పెళ్లికూతురికి పారాణి దిద్దినట్టు గీస్తావేంటమ్మా! వాడు ఈదాలా, ఊరేగాలా?"

"మీరు కోసేది సూటు కాదు మాస్టారూ, ధాన్యం బస్తా. అందులో దానయ్యతో పాటు ఇంకొకడు పడతాడు!"

చలి బాగా ముదిరిన ఒక పొద్దున అలా వాదించుకుంటూ రాళ్ల దాకా వెళ్లారు. అక్కడ జనం గుమిగూడి ఉన్నారు. విహారానికొచ్చిన కాలేజీ విద్యార్థి ఒకడు రాళ్ల మీంచి జారిపోయాడు. దానయ్య దూకి అతణ్ణి పట్టుకున్నాడు. కానీ అల పోటు ఎక్కువగా ఉంది. ఒడ్డుకి వస్తే రాళ్లకేసి కొడుతుంది. అందుకని పడవ వచ్చేదాకా వాణ్ణి భుజానికెత్తుకుని, మెడదాకా నీళ్లలో తేలుతూ ఉండిపోయాడు. ఒంటి మీద పాత బనీను తప్ప ఏమీ లేదు.

కుర్రాడు బతికాడు. పడవలోంచి దిగుతూనే ఏడవడం మొదలుపెట్టాడు. దానయ్య మాత్రం ఇసకలో కూలబడ్డాడు. పెదాలు నేరేడు పళ్ల రంగుకి తిరిగాయి. ఎవరో టీ గ్లాసు చేతికిస్తే పట్టుకోలేకపోయాడు. వణుకుకి టీ అంతా ఒలికిపోతోంది. హైమవతి గ్లాసు తీసుకుని అతని నోటికి అందించింది. పళ్లు గ్లాసుకి కొట్టుకుని టకటకమంటున్నాయి.

"మా సూటు ఉంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఉంటే ఇద్దరం పోదుమండి," అన్నాడు దానయ్య. అందులో వెటకారం లేదు.

వీరభద్రం మాస్టారు దగ్గరికొచ్చారు. ఆయన దానయ్య భుజాన్ని చూస్తున్నారు. ఉన్నట్టుండి వంగి, "చెయ్యి పైకెత్తరా ఒకసారి," అన్నారు. దానయ్య ఎత్తాడు. చంక కింద చర్మం, పక్కటెముకల మీంచి నడుం దాకా, అంతా కలిసి పైకి జరిగింది.

"నిలబెట్టి కొలిచాను," అన్నారు మాస్టారు. "ఎస్సైని కొలిచినట్టు అటెన్షన్‌లో నిలబెట్టి కొలిచాను. వీడు నీళ్లలో అటెన్షన్‌లో ఉండడు కదా."

హైమవతి కూడా అదే చోటు చూస్తోంది. ఆమె అల సరిగ్గా ఆ సాగే చర్మం మీంచే పోయింది. కాగితం మీద అక్కడ ఎంతో అందంగా ఉండేది.

ఆ రోజు ఇద్దరూ ఇంక తిట్టుకోలేదు. రెండు రోజులాగి, దానయ్య తేరుకున్నాక, వలలు భద్రపరిచే పాకలో అతణ్ణి నిలబెట్టారు. వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితం అతని ఒళ్లంతా బిగించి చుట్టారు. దాని మీంచి టేపు అంటించారు.

"నన్నేటి పార్సిలు సేత్తారా? ఏ ఊరికండి?"

"మాట్లాడకు. ఈత కొట్టేటప్పుడు ఎలా ఎత్తుతావో అలా ఎత్తు చేతులు."

హైమవతి మార్కర్ పెన్ను తీసుకుని తిన్నగా ఆ ఒంటి మీదే గీత గీయడం మొదలుపెట్టింది. చర్మం ఎక్కడ సాగుతోందో అక్కడ తప్పుకుని, ఎక్కడ కదలకుండా ఉందో ఆ దారిన పోయింది. మాస్టారు వెనకాలే వస్తూ వేలితో తడిమి చూసేవారు. "ఇక్కడ వంపు ఎక్కువుందమ్మా. ముక్క అట్ట మీద చదునుగా పడుకోదు. ఇంకో గీత కావాలి." ఆమె ఇంకో గీత వేసేది. "ఇక్కడ వెయ్యి. కాదు, కొంచెం వెనక్కి." కాసేపటికి పెన్ను ఆయన చేతిలో, కత్తెర ఆమె చేతిలో ఉన్నాయి. ఎప్పుడు మారాయో ఇద్దరూ గమనించలేదు. గీత గీయడం అయ్యేసరికి ముక్కలు కూడా తేలిపోయాయి. డిజైన్ ఎక్కడ ఆగిందో, ప్యాటర్న్ ఎక్కడ మొదలైందో చెప్పమంటే వాళ్లే చెప్పలేకపోయేవారు.

వెనక నుంచి కోసి ఆ టేపు చొక్కాని విప్పి, గీతల వెంట ముక్కలు చేసి బల్ల మీద పరిచారు. ఇక చిక్కు లూజు దగ్గర వచ్చింది.

"లూజు అసలే వద్దు మాస్టారూ. ఒంటి కంటే కాస్త తక్కువే ఉండాలి. లోపలికి వెళ్లిన నాలుగు చుక్కలు ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే ఉండిపోవాలి. వదులుగా ఉంటే అవి పోయి, మళ్లీ చల్లనివి వస్తాయి."

"నా జన్మలో మనిషికంటే చిన్న బట్ట కొయ్యలేదమ్మా."

"ఇది రబ్బరు. సాగుతుంది."

"ఎస్సైగారి పొట్ట కూడా సాగేది. లూజు వదలకపోయుంటే నా ఉద్యోగం ఉండేదా?" అన్నారు మాస్టారు. అని, కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, చిన్నదిగా కోశారు.

పరీక్ష రోజున ఒడ్డున షామియానా వేశారు. దానయ్య సూటులోకి దూరడానికే చాలాసేపు పట్టింది. దూరాక మాత్రం చేపలా ఉన్నాడు. అలల్లోకి వెళ్లి అటూ ఇటూ ఈదాడు, మునిగాడు, లేచాడు. పొద్దెక్కింది. డైరెక్టరుగారు మైకులో పిలిచారు. రాలేదు. చివరికి పడవేసుకుని వెళ్లి అడిగితే, "రానండి, ఎచ్చగా ఉంది," అన్నాడట. షామియానా కింద కూర్చున్నవాళ్లే చలిగాలికి ముక్కులు చీదుతున్నారు.

"ఇది ఏకీకరణ సాధించిన విజయం!" అని చిదానందంగారు గర్జించారు. హైమవతి, మాస్టారు ఒకరినొకరు చూసుకున్నారు. ఏకీకరణ జరిగింది వలల పాకలో అని చెప్పాలనుకుని ఇద్దరూ ఊరుకున్నారు. ఇంకా ఎంతోమంది ఈతగాళ్లకి సూట్లు కుట్టాలి. గొడవెందుకు?

అప్పుడే సోమయాజులుగారు ఒక శాలువా తీసుకుని వేదిక ఎక్కారు.

"ఈ శుభసందర్భంలోనే మరొక విషయం మనవి చేయవలసియున్నది. ఏకీకృత జలకవచాధికారిగారికి అరవై రెండేళ్లు నిండినవి. నెలాఖరున వారు పదవీ విరమణ చేయుచున్నారు."

హైమవతి కూడా చప్పట్లు కొట్టింది. మాస్టారు వెళ్లిపోతున్నారని మనసులో కలుక్కుమంది. శాలువా సగం తన భుజం మీద పడ్డాక గాని విషయం అర్థం కాలేదు.

"సోమయాజులుగారూ! నాకు ముప్పై నాలుగేళ్లండీ!"

"అది మీలో ఒక భాగం మాత్రమేనమ్మా."

డైరెక్టరుగారు దయగల మనిషి. వెంటనే జోక్యం చేసుకున్నారు. "తొందరపడకండి. అధికారి వయసు అంటే సగటు చూడాలి. అరవై రెండు, ముప్పై నాలుగు కలిపి సగం చేస్తే నలభై ఎనిమిది. ఆ లెక్కన ఇంకా పధ్నాలుగేళ్లు సర్వీసుంది."

"అప్పటికి నాకు డెబ్బయ్యారండి!" వీరభద్రం మాస్టారు లేచి నిలబడ్డారు. "ఆ వయసులో కత్తెర పట్టుకుంటే రబ్బరు కాదు, వేళ్లు తెగుతాయి."

ఆ మీద వారం పాటు తర్జనభర్జనలు జరిగాయి. విరమణ విషయంలో పెద్ద భాగం వయసునీ, నియామకం విషయంలో సగటునీ పరిగణించాలని తేలింది. నెలాఖరున ఇద్దరికీ ఒకే దండ వేసి పంపేశారు.

హైమవతి ప్రహరీ బయట దండతోనే నిలబడిపోయింది. ముప్పై నాలుగేళ్లకే విశ్రాంత ఉద్యోగిని. చెన్నైలో స్నేహితురాలు బట్టల కంపెనీలో పనిచేస్తోంది. ఎప్పట్నుంచో రమ్మంటోంది. వెళ్లిపోదామా అనుకుంటుంటే ఎదురుగా దానయ్య కనిపించాడు. వెనకాల అతని తోటివాళ్లు. ఉన్న ఒక్క సూటునే వంతులేసుకుంటున్నారట. పొట్టివాడు తొడుక్కుంటే మోకాళ్ల దగ్గర మడతలు పడుతోంది. పొడుగువాడికి మెడ దాకా రావడం లేదు.

"మరి మావోలకి ఎవులు కుడతారండి?" అన్నాడు.

పక్కనుంచి వీరభద్రం మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఎన్నడూ తల దించని మనిషి ఇసకలోకి చూస్తూ అన్నారు. "నువ్వు చెన్నై పోతే నాకు గీతలు ఎవరు గీస్తారమ్మా? ఒక్కణ్ణీ కొయ్యగలను. ఎక్కడ కొయ్యాలో తెలియదు."

మర్నాడు పేపర్లో ప్రకటన వచ్చింది. ఏకీకృత జలకవచాధికారి కావలెను. వయసు యాభైకి మించరాదు. గతంలో ఏకీకృత అధికారిగా పనిచేసిన అనుభవం తప్పనిసరి. హైమవతి దాన్ని ఒకటికి రెండుసార్లు చదివింది. భూమండలం మొత్తం మీద ఆ అర్హత ఉన్న అధికారి ఒక్కడే ఉన్నాడు. అతను నిన్ననే రిటైరయ్యాడు.

ఇంటర్వ్యూలో చిదానందంగారు, సోమయాజులుగారు ఎదురుగా కూర్చున్నారు.

"మీ వయసు?"

"నలభై ఎనిమిది," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

సోమయాజులుగారు వేళ్ల మీద లెక్కవేసుకుని తలూపారు. "నియామకానికి సగటు. నిబంధనకి లోబడే ఉంది."

"ఈ ఉద్యోగం ఎందుకు కోరుకుంటున్నారు?" అని డైరెక్టరుగారు అడిగారు.

"ఇదివరకటి అధికారి చాలా పని సగంలో వదిలేసి వెళ్లారండీ," అంది హైమవతి.

"నిజమే," అన్నారు మాస్టారు బాధగా. "బాధ్యత లేని మనిషి."

డైరెక్టరుగారికి ఆ నిజాయితీ బాగా నచ్చింది. అక్కడికక్కడే ఎంపిక చేశారు. ఇక పాత అధికారి కొత్త అధికారికి పని అప్పగించాలి. సోమయాజులుగారు ఇద్దర్నీ బల్లకి ఒక పక్క నిలబెట్టి బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టించారు. తర్వాత బల్ల చుట్టూ నడిపించి, రెండో పక్క నిలబెట్టి తీసుకోమన్నారు. వెళ్లిపోతున్నవారు వస్తున్నవారికి ఏదైనా సలహా ఇవ్వడం సంప్రదాయమని కూడా గుర్తుచేశారు.

మాస్టారు మళ్లీ మొదటి పక్కకి వచ్చారు. "లూజు వదలకు," అన్నారు గంభీరంగా. బల్ల చుట్టూ నడిచి అవతలికి వెళ్లి, "అలాగేనండి," అన్నారు.

ఆ సాయంత్రమే వలల పాకలో మళ్లీ ప్లాస్టిక్ కాగితం చుట్ట విప్పారు. ఈతగాళ్లంతా పాక బయట వరసగా నిలబడ్డారు. మొదట లోపలికొచ్చింది ఆ పొడుగాటి మనిషే. మాస్టారు ఒక పక్కనుంచి చుడుతున్నారు, హైమవతి ఇంకో పక్కనుంచి టేపు అంటిస్తోంది. అతను ఆమెనీ, ఆయన్నీ మార్చి మార్చి చూసి, గుమ్మంలో నిలబడ్డ దానయ్య వైపు తిరిగి గుసగుసగా అడిగాడు.

"ఈల్లలో ఆఫీసరెవులన్నా?"

"ఇద్దరూ ఒకలేరా," అన్నాడు దానయ్య. "నీకెందుకు, సేతులెత్తు."